కొట్టు మూసినను మూతపడని మనస్సు

పందొమ్మిదవ శతాబ్ది చివరి దశాబ్దములలో ఇటలీ దేశమందలి ట్యూరిన్ నగరమున ఆంజెలో మోసో అను శరీరధర్మశాస్త్రవేత్త మానవుని అలసటను కొలుచుటకై ఒక సాధనమును నిర్మించెను. మనుష్యుని ముంజేతిని ఒక పీఠముపై కదలకుండ బంధించి, నడిమివ్రేలికి త్రాడు తగిలించి, ఆ త్రాటి కొసకు బరువు వ్రేలాడదీసి, నియమిత కాలవ్యవధితో ఆ వ్రేలిని మరల మరల ముడుచుచుండుమని చెప్పినచో, ప్రతి ముడుపునకును బరువు ఎంత ఎత్తునకు లేచినదో మసిపూసిన కాగితముపై ఒక సూది గీత గీసి చూపుచుండును. తొలి గీతలు నిడుపుగా నుండును. పిదప క్రమక్రమముగా కుఱుచపడి, తుదకు మనుష్యుడెంత పట్టుదలతో ప్రయత్నించినను బరువు కదలని స్థితి వచ్చును. ఎర్గోగ్రాఫు అను ఈ సాధనము వలన తేలిన విషయములను ఆయన 1891లో అలసటను గూర్చిన ఒక గ్రంథముగా ప్రకటించెను.

ఆయన ప్రయోగశాలలోనే అర్నాల్డో మజ్జోరా కనుగొనిన ఒక సంగతి, నా దృష్టిలో, ఆ గ్రంథమున కంతటికిని తలమానికము. ముప్పది మార్లు బరువెత్తి పూర్తిగా సొలసిన వ్రేలు మునుపటి బలమును మరల పొందుటకు రెండు గంటల విశ్రాంతి కావలసి వచ్చెను. పదునైదు మార్లు మాత్రమే ఎత్తి నిలిపివేసినచో, సగము పనికి సగము విశ్రాంతి, అనగా ఒక గంట, అవసరమగునని ఎవ్వరైనను లెక్క కట్టుదురు. కాని నిజమునకు అరగంటయే చాలెను. తొలి పదునైదు ఎత్తులకు అరగంట చెల్లించిన దేహము, సత్తువ ఉడిగిన పిమ్మట చేసిన తక్కిన పదునైదింటికి గంటన్నర చెల్లింపవలసి వచ్చినదన్నమాట. ఒకే పరిమాణము గల పని, చేసిన సమయమును బట్టి, మూడు రెట్ల మూల్యమును కోరినది.

మోసో అంతటితో ఆగలేదు. తన సహాధ్యాపకులు విద్యార్థులకు గంటల తరబడి మౌఖిక పరీక్షలు జరిపి వచ్చిన వెంటనే వారి వ్రేళ్లను తన సాధనమునకు కట్టి చూచెను. ఉదయమునుండి ఒక్క బరువైనను ఎత్తని ఆ వ్రేళ్లు, మనస్సు మాత్రమే శ్రమించినను, ముందటివలె బరువెత్తలేకపోయెను. మనశ్శ్రమ, దేహశ్రమ అను రెండు ఖాతాలుగా మనము విడదీసి వ్రాసికొనునది దేహమునకు ఒకటే ఖాతా యని ఆనాడే తేటపడినది.

ఒక వ్రేలికి కట్టిన లెక్కను మానవ జీవితమునకు యథాతథముగా అన్వయింపరాదన్నది నిజమే. అయినను, మొదటి ప్రపంచయుద్ధ కాలమున బ్రిటను దేశపు ఆయుధ కర్మాగారములలో ఆదివారమును విడువక పనిచేయుచున్న కార్మికులను గూర్చి విచారించుటకు 1915లో ఒక సంఘము ఏర్పడినప్పుడు, దాని పక్షమున హోరేస్ వెర్నన్ మొదలగు పరిశోధకులు లెక్కలు తీసి చూడగా, పనిగంటలను బాగుగా తగ్గించిన చోట్ల మొత్తము ఉత్పత్తి తగ్గకపోవుటయే గాక కొన్ని చోట్ల పెరిగినట్లును కనబడెను. యుద్ధావసరము మెడపై కూర్చున్న ఆ దినములలో, ఆ సంఘము ఆదివారపు విశ్రాంతిని తిరిగి నెలకొల్పవలెనని సిఫారసు చేయుట, కరుణవలన కంటె గణితమువలన జరిగిన పనియని నేను తలంతును.

ఇక మన ఊళ్లలోని కిరాణా కొట్టును చూతము. ఉదయము ఆరు గంటలకు పాల ప్యాకెట్ల ట్రే దింపుకొనుటతో తలుపు తెఱచిన వర్తకుడు, రాత్రి పది గంటలకు గల్లాపెట్టె లెక్క సరిచూచుకొని తాళము వేయును. దినమునకు పదునాఱు గంటలు. వారమునకు నూట పండ్రెండు. ఈ గంటలలో బేరము సాగుచున్న కాలము కొంతయే. కంపెనీ ఏజెంటునకు ఇండెంటు చెప్పుట, హోల్‌సేలు వర్తకుని బాకీకి గడువు కోరుట, అరువు ఖాతాదారులలో ఎవనిని అడుగవలెనో ఎవనిని అడిగిన గిరాకీ పోవునో తర్కించుకొనుట, నెలలో ఇరువదవ తేది సమీపించుచుండగా జీఎస్టీ రిటర్నుల కొఱకు బిల్లులు ఏరుట, ఆదివారమునాడు కుఱ్ఱవాడు రాకపోయినచో బస్తాలు తానే మోయుట, ఇవన్నియు ఆ ఒక్క మనుష్యుని శిరస్సు మీదుగానే పోవును. ప్రపంచ ఆరోగ్య సంస్థయు, అంతర్జాతీయ కార్మిక సంస్థయు కలిసి 2021లో ప్రకటించిన అంచనాల ప్రకారము, వారమునకు 35 నుండి 40 గంటలు పనిచేయువారితో పోల్చినచో, 55 గంటలు గాని అంతకు మించి గాని పనిచేయువారికి పక్షవాతపు ముప్పు 35 శాతమును, రక్తప్రసరణ లోపమువలని హృద్రోగముతో మరణించు ముప్పు 17 శాతమును అధికము. మన కొట్టుయజమానికి ఆ 55 గంటలు గురువారము మధ్యాహ్నమునకే పూర్తియగును.

ఇచ్చట న్యాయముగా ఒక మాట చెప్పవలసియున్నది. స్వంత వ్యాపారము ఆరోగ్యమునకు సహజముగా కీడు చేయునదని శాస్త్రము చెప్పుట లేదు. పనిభారమొక్కటియే మనుష్యుని కృశింపజేయదనియు, భారము హెచ్చుగా ఉండి ఆ పనిమీద తనకు అధికారము కొఱవడినప్పుడే హాని తీవ్రమగుననియు రాబర్ట్ కరాసెక్ 1979లో ప్రతిపాదించెను. తన వేళలను, తన ధరలను, తన పద్ధతిని తానే నిర్ణయించుకొను యజమానికి ఆ అధికారము పుష్కలముగా ఉండవలెను. జర్మనీలో 2010లో వెలువడిన ఒక అధ్యయనమున వ్యవస్థాపకుల ఆరోగ్యము ఉద్యోగుల ఆరోగ్యము కంటె మెఱుగుగానే కనబడినది. అట్లయినచో చిక్కు ఎక్కడ నున్నది? చిన్న వ్యాపారమున యజమాని అధికారము పేరునకు సంపూర్ణము. ఆచరణమున దానిని గిరాకీయు, గడువులును, అద్దెయు పంచుకొనును. ఉద్యోగికి సెలవు మంజూరు చేయుటకు ఒక అధికారి యుండును. యజమానికి సెలవిచ్చువాడు లేడు. ఎవ్వరును నిరాకరింపని సెలవును అతడు తనంతట తాను ఏండ్ల తరబడి నిరాకరించుకొనుచుండును. స్వాతంత్ర్యము కొఱకు కొలువు మాని కొట్టు పెట్టినవాడు ఈ విధముగా ఏ కొలువునందును లేని బంధనమున పడుట నన్ను నిజముగా కలచివైచును.

ఇట్లు విరామమెఱుగని శ్రమవలన మనుష్యుడు సొలసి కూలు స్థితికి బర్న్‌అవుట్ అను పేరును శాస్త్రవాఙ్మయమున స్థిరపఱచినవాడు హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్. నాజీల కాలమున జర్మనీ విడిచి అమెరికా చేరిన ఈ మనస్తత్త్వశాస్త్రవేత్త, న్యూయార్కులో పగలు తన స్వంత వైద్యవృత్తి ముగించుకొని, సాయంకాలములందు పేదలకు ఉచిత చికిత్స చేయు కేంద్రమునకు పోయి పనిచేయుచు, తన తోడివారియందును తనయందును కనిపెట్టిన లక్షణములను 1974లో వర్ణించెను. కొంపలు మునిగినట్లు శ్రమించువారే ముందుగా కూలుట ఆయన గమనించెను. పిదప బర్క్‌లీలో క్రిస్టీనా మాస్లాక్ ఈ స్థితికి మూడు ముఖములను గుర్తించి, సుసాన్ జాక్సన్‌తో కలిసి 1981లో ఒక కొలమానమును రూపొందించెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణమున దీనిని వ్యాధిగా గాక, చక్కదిద్దని దీర్ఘకాలిక పనియొత్తిడి వలన కలుగు వృత్తిసంబంధమైన స్థితిగా నమోదు చేసినది. మూడు ముఖములలో మొదటిది శక్తి ఉడుగుట. రెండవది పనియెడ విముఖత, నిరసనభావము. మూడవది తన పని ఫలించుట లేదను తలంపు.

మొదటి దానిని అందఱును ఎఱుగుదురు. వర్తకమునకు ప్రాణాంతకమైనది రెండవది. ధర రెండు మార్లడిగిన ముసలమ్మపై విసుగుకొనుట, పావుకిలో పప్పు కొనవచ్చిన పిల్లవానిని నిలువబెట్టుట, పాత గిరాకీ ప్రక్క వీధిలోని సూపర్‌మార్కెట్టునకు పోయినాడని విని విచారమునకు బదులు తేలికపడుట, ఇవి స్వభావదోషములని ఇంటివారు అనుకొందురు; ఆ వర్తకుడును తన్ను తాను అట్లే నిందించుకొనును. సుదీర్ఘశ్రమచేత తఱిగిపోయిన మనస్సు, తన్ను మరింత వ్యయపఱచుచున్న మనుష్యులనుండి దూరముగా జరుగుటకు చేయు ప్రయత్నమే ఇది. అతడు కొట్టునుండి దూరము జరుగడు గనుక మనుష్యులనుండి జరుగుచున్నాడు.

దీని వెనుక దేహమున జరుగు వ్యాపారము కొంత తెలిసినదే. ఆపద తోచినప్పుడు మెదడులోని హైపోథాలమస్ పీయూషగ్రంథికి, అది మూత్రపిండములపై నుండు అధివృక్క గ్రంథులకు సందేశము పంపగా, కార్టిసాల్ అను హార్మోను రక్తమున హెచ్చి చక్కెరను అందుబాటునకు తెచ్చి దేహమును సన్నద్ధము చేయును. ఆరోగ్యవంతునియందు ఈ కార్టిసాల్ వేకువను లేచిన కొలదిసేపటికి శిఖరమునంటి, దినమెల్ల క్రమముగా తగ్గి, అర్ధరాత్రి ప్రాంతమున అడుగంటును. ఈ ఏర్పాటు రక్షణకొఱకే పుట్టినది; పులి యెదుటబడి పోయిన పిమ్మట దేహము శాంతించునను ఊహపై నడచునది. చెల్లింపవలసిన బాకీ యను పులి మాత్రము ఎదుటనుండి ఎన్నడును పోదు. ఇట్లు సన్నాహము విరమింపకుండుటవలన రక్తనాళములకును, నిద్రకును, జీర్ణక్రియకును, జ్ఞాపకశక్తికిని కలుగు సంచిత క్షయమునకు బ్రూస్ మెక్‌యూవెన్, ఎలియట్ స్టెల్లార్ అను శాస్త్రజ్ఞులు 1993లో అల్లోస్టాటిక్ లోడ్ అని పేరిడిరి.

ఇన్ని నష్టములుండగా మనుష్యుడు తానుగా ఏల ఆగడు? ఈ ప్రశ్నకు నాకు తెలిసినంతలో అత్యంత స్పష్టమైన సమాధానము 2003లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమునుండి వెలువడినది. హాన్స్ వాన్ డాంగెన్, డేవిడ్ డింజెస్ మొదలగువారు 48 మంది ఆరోగ్యవంతులను ప్రయోగశాలయందుంచి, కొందఱికి రాత్రికి ఎనిమిది గంటలు, కొందఱికి ఆఱు, కొందఱికి నాలుగు గంటల నిద్ర చొప్పున పదునాలుగు దినములు అనుమతించిరి. ఆఱు గంటలు నిద్రించినవారి అవధానము, స్మరణ దినదినమును దిగజాఱుచు, రెండు వారములు ముగియునప్పటికి బొత్తిగా నిద్రలేక జాగరణము చేసినవారి స్థాయికి పడిపోయెను. విశేష మేమనగా, తమకెంత నిద్రమబ్బుగా నున్నదని అడిగినప్పుడు వారు చెప్పిన సమాధానములు తొలి కొద్దిదినములలో హెచ్చి పిదప ఇంచుమించు అక్కడనే నిలిచిపోయినవి. సామర్థ్యము క్రుంగుచునే యున్నది; క్రుంగుచున్నానన్న ఎఱుక మాత్రము ఆగిపోయినది. కాటాయే చెడిపోయినప్పుడు ఆ కాటాపై తూచి, తూకము సరిగానే యున్నదని వర్తకుడు చెప్పునట్టిదే అలసినవాడు తన అలసటను గూర్చి చెప్పు మాట.

కావున, అలసట తెలిసినప్పుడు విశ్రమింతునను నియమము నిరర్థకము. తెలియవలసిన ఇంద్రియమే ముందుగా మొద్దుబాఱును. విశ్రాంతి యన్నది తోచినప్పుడు తీసికొనునదిగా గాక, అద్దె చెల్లించు తేదివలె, మనస్సు ఏమి చెప్పుచున్నను వచ్చి తీరునదిగా ఉండవలెను. మన పూర్వుల వృత్తులలో ఇట్టి ఏర్పాటొకటి కలదు. కంసాలి, వడ్రంగి, తాపీమేస్త్రీ అమావాస్యనాడు పనిముట్టు ముట్టకుండుట తెలుగునాట అనేక చోట్ల నేటికిని చూచుచున్నాము. ఆ ఆచారమునకు వారు చెప్పు కారణము వేఱుగా నుండవచ్చును. కాని పనివాని ఇష్టానిష్టములకు విడువక, ఆకాశమందలి చంద్రునికి ఆ సెలవును అప్పగించుటయందు గొప్ప వివేకము కలదని నా నమ్మకము. 1942లో చేసిన వారపు సెలవుల చట్టమును, అమలునకు వచ్చిన చోట్ల, దుకాణము వారమున ఒక దినము పూర్తిగా మూసియుండవలెనని విధించినది. అట్టి విధి పనివారినే గాక, యజమానిని అతని ఆతురతనుండియు కాపాడును.

ఏడాది కొకమాఱు తిరుపతికో, అరకుకో పది దినములు పోయివత్తుమని చాలమంది తలంతురు. పోవలసినదే. కాని సెలవులవలని లాభమును కొలిచిన జెస్సికా డి బ్లూమ్ మొదలగు యూరపు పరిశోధకులకు, తిరిగి పనిలో చేరిన వారము పదిదినములలోనే ఆ లాభము కరగిపోవుట కనబడినది. మజ్జోరా వ్రేలిని గూర్చి చెప్పిన లెక్కయు ఇదే మార్గమును చూపుచున్నది: పూర్తిగా సొలయుటకు ముందే, కొలది కొలదిగా, తఱచుగా.

మఱియొక విషయము. దేహము కొట్టులో లేకుండుట మాత్రమే విశ్రాంతి యగునా? సబీన్ జోన్‌టాగ్ అను మనస్తత్త్వశాస్త్రవేత్త ఈ ప్రశ్ననే దశాబ్దములుగా పరిశీలించుచున్నది. 2007లో షార్లట్ ఫ్రిట్జ్‌తో కలిసి ఆమె విశ్రాంతికి నాలుగు అంశములను నిర్ణయించెను: పనినుండి మనస్సు విడివడుట, దేహము సడలుట, పనికి సంబంధింపని ఒక విద్యయందు ఆరితేరుట, ఆ కాలముపై తనకు అధికారముండుట. వీనిలో మొదటిదే ప్రధానము. నేటి వర్తకుడు మేనకోడలి పెండ్లిలో పందిటి క్రింద కూర్చుండి, సెల్‌ఫోనులో తన కొట్టు సీసీ కెమెరా బొమ్మను చూచుచు, ఖాతాలో పడు ప్రతి యూపీఐ చెల్లింపు సందేశమును చదువుచుండును. అతని దేహము మాత్రమే పెండ్లికి వచ్చినది. కార్టిసాల్ కొట్టులోనే యున్నది. ఒత్తిడి మిక్కుటముగా నున్నవారికే ఇట్లు విడివడుట అత్యంత దుష్కరమనియు, ఎవరికి విశ్రాంతి ఎక్కువ అవసరమో వారికే అది తక్కువగా సిద్ధించుననియు జోన్‌టాగ్ గుర్తించినది. నిజమైన సెలవునకు కెమెరా చూడకుండుట మొదటి షరతు.

కాని చూడకుండుటకు ధైర్యము ఎట్లు వచ్చును? ఉపదేశమువలన రాదు, ఏర్పాటువలన వచ్చును. చిన్న వ్యాపారములలో అత్యధిక భాగము యజమాని తలలోనే యుండును: ఎవరికెంత అరువో, ఏ డీలరు ఏ దినమున వచ్చునో, కందిపప్పు ఎన్ని బస్తాలకు దిగినప్పుడు మరల తెప్పింపవలెనో. తలలోనుండి వీనిని దింపి పుస్తకములో వ్రాయుట కొట్టునుండి వెనుకకు తగ్గుటకు మొదటి మెట్టు. దీనికి ప్రయోగపు ఆధారమును కలదు. మాసికాంపో, బామైస్టర్ అను ఇద్దఱు మనస్తత్త్వశాస్త్రజ్ఞులు 2011లో చూపినదేమనగా, ముగియని పని మనస్సున దూరి వేఱొక పనిని చెఱచుచుండును. అయితే ఆ పని నెప్పుడు, ఎక్కడ, ఎట్లు చేయుదుమో నిర్దిష్టముగా నిర్ణయించి వ్రాసికొనినంతనే, పని ఇంకను ముగియకున్నను, ఆ దూరుట చాలవఱకు తగ్గును. రాత్రి తాళము వేయుటకు ముందు పది నిమిషములు కూర్చుండి, మఱునాటి పనులను, వాని వేళలతో సహా, చిట్టాలో వ్రాయు అలవాటు నిద్రకు ఎంత మేలు చేయునో చేసి చూచినవారికి తెలియును.

రెండవ మెట్టు తాళపుచెవులు. నమ్మకమైన గుమాస్తాకు తెఱచుట, మూయుట అప్పగించి, ఇంత మొత్తము వఱకు సరుకు నీవే కొనవచ్చును, ఇంత మొత్తము వఱకు అరువు నీవే ఇయ్యవచ్చును అని హద్దులు ముందుగా చెప్పియుంచవలెను. హద్దులు లేని బాధ్యత అప్పగించినచో అతడు ప్రతి అరగంటకు ఫోను చేయును. అది సెలవు కానేరదు. మొదటి నెలలలో అతడు తప్పులు చేయును. మిరపపొడి రెండు కార్టన్లు అదనముగా కొనును. అడుగవలసినవానిని అడుగక, అడుగరానివానిని అడుగును. ఆ నష్టమును వ్యాపారపు ఖర్చులలో వ్రాసికొనుట ఉచితము. గుమాస్తా శిక్షణకు అంతకంటె చవకయైన రుసుము లేదు. వారమున ఒక దినము మూసినచో పోవు అమ్మకమంతయు నష్టమేయని భయపడనక్కఱలేదు: బియ్యము, నూనె, సబ్బు కొనువారు ముందునాడో మఱునాడో వత్తురు; పాలు, పెరుగు, ఇడ్లీ వంటి వానిలో పోయిన బేరము మాత్రము పోయినదే. టిఫిను హోటలువానికి ఈ లెక్క కష్టతరము, ఎందుకనగా పిండి నిలువ యుండదు. అతడు పూర్తి దినమునకు బదులు సాయంకాలపు పూటలను రెండింటిని మూయుట సులభము కావచ్చును.

ఈ సందర్భమున బహుతఱచుగా మఱువబడు మనిషి యొకతె కలదు. యజమాని వెనుకకు తగ్గినప్పుడు గల్లాపెట్టె ముందు కూర్చుండునది తఱచు ఆయన భార్యయే. ఆమె తెల్లవారుజామున ఇంటిపని ముగించి, మధ్యాహ్నము ఆయన భోజనము చేసి కునుకు తీయునంతసేపు కొట్టు చూచి, రాత్రి మరల వంటయింటికి పోవును. ఆయన విశ్రాంతి ఆమె పనిగంటలనుండి తీయబడినచో, ఆ కుటుంబమున అలసట తగ్గలేదు, చేతులు మాఱినదంతే. ఆమెకును ఒక నియమిత దినము, ఆమె చూడనక్కఱలేని ఒక పూట, ఆమె సంతకముతో నడచు ఒక ఖాతా ఉన్నప్పుడే ఈ ఏర్పాటు న్యాయమగును.

తుదిగా వైద్యసంబంధమైన ఒక హెచ్చరిక. ప్రతి నిస్సత్తువయు పనివలననే వచ్చినదని తీర్మానించుట ప్రమాదకరము. రక్తహీనత, థైరాయిడు లోపము, మధుమేహము, నిద్రలో శ్వాస ఆగుట మొదలగునవియు ఇదే రూపమున కనబడును; వానిని సామాన్య పరీక్షలతోనే కనుగొనవచ్చును. కొన్ని వారములు క్రమము తప్పక విశ్రమించినను తేరుకొనలేనివాడును, రెండు వారములకు మించి దేనియందును ఆసక్తి లేక, నిద్రయు ఆకలియు తప్పి, బ్రతుకు వ్యర్థమను తలంపులు పొడముచున్నవాడును ఆలస్యము చేయక వైద్యుని చూడవలెను. కేంద్ర ప్రభుత్వము 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 సంఖ్యపై ఏ వేళనైనను ఫోను చేయవచ్చును. తెలుగులోనే మాటాడవచ్చును, రుసుము లేదు. కొట్టు మూసిన పిమ్మట, రాత్రి పదకొండు గంటలకైనను, ఆ ఫోను ఎత్తుదురు.